కారుతో వచ్చిన మ్యాపా, అద్దానికి అంటించిన ట్యాబా: పెళ్లిళ్ల దారుల్లో పన్నెండేళ్ల వాడకం

మా బావమరిది కొత్త కారు కొంటున్నాడు. షోరూమ్‌లో రెండు వేరియంట్లు చూపించారట. ఒకదాంట్లో నావిగేషన్ ఉంది, ఒకదాంట్లో లేదు, మధ్యలో తేడా లక్ష పైమాటే. "బావా, నువ్వు రోజూ రోడ్ల మీదే ఉంటావు కదా, ఏది తీసుకోమంటావు?" అని ఫోన్ చేశాడు. పావుగంట చెప్పినా సగం కూడా అవలేదు. ఇప్పుడెలాగూ మూఢం, పెళ్లిళ్లు లేవు, కెమెరాలు బీరువాలో పడుకున్నాయి. తీరిగ్గా మొత్తం రాసేద్దామని కూర్చున్నాను.

నేనుండేది శ్రీకాకుళం. పని పెళ్లి ఫొటోలు, వీడియోలు. అటు ఇచ్ఛాపురం నుంచి ఇటు ఎస్.కోట దాకా, పైన పాలకొండ, పార్వతీపురం, సాలూరు, అప్పుడప్పుడు సరిహద్దు దాటి పర్లాకిమిడి, ఎక్కడ బాజా మోగితే అక్కడ మేముంటాం. శుభలేఖల్లో అడ్రస్ ఎలా వేస్తారో తెలిసిందే, "వధువు స్వగృహమునందు, రాములోరి కోవెల వీధి" అంతే. రాములోరి కోవెల లేని ఊరేది మన దగ్గర? పైగా ముహూర్తం ఏ రాత్రి రెండింటికో ఉంటుంది. ఊరి మొదట్లో దారి అడుగుదామంటే కుక్కలు తప్ప ఎవరూ మేలుకుని ఉండరు. అందుకని 2013 నుంచి ఈ మ్యాపుల మీద నేను తగలేసిన డబ్బు, పడిన తిప్పలు కొంచెం ఎక్కువే. మొదట అద్దానికి అంటించే పోర్టబుల్ డివైస్, తర్వాత ట్యాబ్, 2020 నుంచి కారుతో పాటే వచ్చిన నావిగేషన్, ఇప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కారు స్క్రీన్‌కి కలుపుకోవడం. అన్నీ సొంత డబ్బుతో కొన్నవే, ఎవరూ ఊరికే ఇవ్వలేదు. నన్ను ఏడిపించిన కంపెనీల పేర్లు మాత్రం రాయను, అడగొద్దు.

పోర్టబుల్ డివైస్ అంటే ఇప్పటి కుర్రాళ్లు చూసి కూడా ఉండరు. ఐదంగుళాల స్క్రీన్, బొద్దుగా వెనక భాగం, అద్దాన్ని పట్టుకునే రబ్బరు కప్పు. గార్మిన్, టామ్‌టామ్, మ్యాప్‌మైఇండియా, అప్పట్లో వినపడే పేర్లు ఇవి. పది వేల లోపు పెట్టి ఒకటి కొన్నాను. దానికి సిమ్ లేదు, నెట్ లేదు, దేశం మొత్తం మ్యాప్ దాని కడుపులోనే ఉంటుంది. నెట్ లేకుండా జీపీఎస్ ఎలా పని చేస్తుందని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అసలు జీపీఎస్‌కి నెట్‌తో పనే లేదు. ఇరవై వేల కిలోమీటర్లకు పైన ఉపగ్రహాలు తిరుగుతూ టైము చెబుతుంటాయి, మన డివైస్ వింటుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినపడితే మనం ఎక్కడున్నామో లెక్క కట్టేసుకుంటుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మ దింపుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి. ఇంకోటి, ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ నెట్‌లోంచి ముందే తెచ్చుకుంటుంది కాబట్టి చటుక్కున పట్టేస్తుంది. పోర్టబుల్‌కి ఆ సౌకర్యం లేదు. వారం రోజులు బ్యాగులో పడుకుని లేచిందంటే ఇంటి ముందు రెండు మూడు నిమిషాలు ఆకాశంలోకి చూస్తూ కూర్చునేది. ఈలోగా మా ఆవిడ ఇంకో కప్పు టీ పెట్టేది.

దాంతో నా గొడవంతా స్పెల్లింగ్ దగ్గర. తెలుగు లేదు. ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, అదీ మ్యాప్ గీసినవాడు ఎలా రాసుకున్నాడో అలాగే కొట్టాలి. ఒక్కో అక్షరం నొక్కుతుంటే, దాని లిస్టులో లేని అక్షరాలు బూడిద రంగులోకి పోయి నొక్కుడు పడేవి కావు. విజయనగరానికి వి, ఐ కొట్టి జె నొక్కబోతే జె చచ్చిపోయి ఉండేది. జెడ్ నొక్కాలన్నమాట, రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టు. ఇచ్ఛాపురంలో ఐ తర్వాత సి నొక్కాలా, టి నొక్కాలా? చీపురుపల్లికి ఈలు రెండా, ఐ ఒకటా? ఒకసారి మా కుర్రాడూ నేనూ రోడ్డు పక్కన బండి ఆపుకుని పదిహేను రకాలుగా కొట్టి చూశాం, ఆఖరికి ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టు వాడిని అడిగి వెళ్లిపోయాం. ఇక దాని గొంతు మన ఊళ్ల పేర్లు పలికే తీరు వింటే వెనక సీట్లో పెళ్లికొడుకు కూడా నవ్వేవాడు.

కానీ దాన్ని తిట్టబుద్ధి కాదు. ఎందుకో చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అత్తవారిది మందస వైపు ఊరు. మర్నాడు బియ్యం, నీళ్ల క్యాన్లు, కొవ్వొత్తులు కారులో వేసుకుని బయల్దేరాను. టెక్కలి దాటాక ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మ్యాప్ తెరిస్తే బూడిద రంగు గళ్ల కాగితం, దాని మధ్యలో నీలం చుక్క. చుక్క సరిగ్గానే ఉంది, చుట్టూ ఊరే లేదు. ముందే మ్యాప్‌ని ఫోన్లోకి దింపి ఉంచుకోవచ్చని నాకు తెలుసు, కానీ దింపలేదు, అది నా తప్పే. డ్యాష్ బాక్సులోంచి పాత పోర్టబుల్ తీసి అద్దానికి అంటించాను. రోడ్లన్నీ వచ్చేశాయి. అయితే కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డంగా పడి ఉన్నాయని దానికేం తెలుసు, నేరుగా పొమ్మంటూనే ఉంది. నాలుగు చోట్ల వెనక్కి తిప్పాను. తిప్పిన ప్రతిసారీ విసుక్కోకుండా ఇంకో దారి లెక్క కట్టి ఇచ్చేది, ఊరికీ ఊరికీ మధ్య తోటల్లోంచి పోయే చిన్న రోడ్లు కూడా. పావుగంట దారికి మూడు గంటలు పట్టింది గానీ చేరాను. ఆ రోజు కారులో ఉన్నవాటిలో పని చేసింది ఆ డొక్కు డివైసూ, నా కాళ్లూ.

తర్వాత ఆరు నెలలకే దానికి ముసలితనం వచ్చింది. ఇది తెలియని వాళ్లకి వింతగా ఉంటుంది. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని వారాల లెక్కలో పంపుతాయి, ఆ లెక్క 1024 వారాలకు నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి నిండింది, 2019 ఏప్రిల్ 6న రెండోసారి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్న వాటికి ఏమీ కాలేదు. నా దానికి కంపెనీవాడు అప్‌డేట్లు ఆపేసి ఏడాది దాటింది. ఇంకేముంది, తేదీ 1999కి వెళ్లిపోయింది. దారి మాత్రం సరిగ్గానే చూపించేది. ఇలాంటి వస్తువు కొన్నప్పుడు అసలు కొంటున్నది కంపెనీవాడి ఓపికని అని నాకప్పుడు తెలిసింది. వాడు అప్‌డేట్లు ఆపిన రోజు మన వస్తువు ఆగిపోయినట్టే. కారులో వచ్చే నావిగేషన్‌కి కూడా ఇదే రోగం, ఆ సంగతి కాసేపట్లో.

మధ్యలో ట్యాబ్ కథ. 2016లో కొన్నాను, అసలు కొన్నది ఆల్బమ్ డిజైన్లు పార్టీలకి చూపించడానికి. ఎనిమిదంగుళాల స్క్రీన్ చూశాక దీన్నే మ్యాప్‌కి పెట్టేస్తే పోలా అనిపించింది. రబ్బరు కప్పు స్టాండ్ కొని అద్దానికి బిగించాను. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి మ్యాప్ తెరిస్తే, నేను పొందూరులో ఉంటే చుక్క చిలకపాలెంలో కూర్చుని కదలనంటోంది. రెండు రోజులు సెట్టింగులన్నీ తిప్పాక తెలిసిందేమిటంటే, నేను కొన్నది వైఫై మోడల్, దాంట్లో జీపీఎస్ చిప్పే లేదు. ఇది మోసం కాదు, పెట్టె మీద రాసే ఉంది, నేనే చదవలేదు. ఐప్యాడ్ కొనేవాళ్లూ గుర్తుంచుకోండి, సిమ్ పెట్టే మోడళ్లకే జీపీఎస్ ఉంటుంది, వైఫై మోడళ్లకి ఉండదు. ఆండ్రాయిడ్‌లో వైఫై మోడళ్లకి కూడా కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు, చూసి తీసుకోండి. నేను దాన్ని నష్టానికి అమ్మేసి సిమ్ ఉన్నది తీసుకున్నాను.

రెండోది కరెంటు సంగతి. కారులో లైటర్ సాకెట్‌కి పెట్టే ఛార్జర్ నా దగ్గర పాతది ఉంది, ఒక యాంపియర్‌ది, అంటే ఐదు వాట్లు. స్క్రీన్ ఫుల్ వెలుతురులో, జీపీఎస్ ఆన్‌లో ఉన్న ట్యాబ్ తాగేది అంతకంటే ఎక్కువ. ఒకరోజు విశాఖ నుంచి వస్తూ ఆనందపురం దగ్గర చూస్తే 60 శాతం ఉంది, పక్కన మెరుపు గుర్తు కూడా ఉంది, ఛార్జింగ్ అవుతోంది కదా అని ధీమాగా ఉన్నాను. రణస్థలం వచ్చేసరికి 45. శ్రీకాకుళం సింహద్వారం దగ్గర 31. మెరుపు గుర్తు అలాగే ఉంది. కుళాయి తిప్పే ఉంచాం గానీ బకెట్ అడుగున చిల్లుంది, అదీ పరిస్థితి. కనీసం రెండు యాంపియర్ల ఛార్జర్ ఉండాలి, ఇప్పుడైతే ఫాస్ట్ ఛార్జర్లు వచ్చాయి కాబట్టి ఈ బాధ లేదు.

మూడోది ఎండ, ఇదే దాన్ని చంపింది. మే నెలలో పలాసలో పగటి ముహూర్తం. కల్యాణ మండపం బయట కారు ఎండలో పెట్టి, ట్యాబ్‌ని అద్దం మీదే వదిలేసి లోపలికి వెళ్లాను. మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే, వేడెక్కింది చల్లారనివ్వండి అని ఒక మెసేజ్ తప్ప ఏమీ రాదు. ఆ రోజు తడి తువాలు చుట్టి ఏసీ ముందు పట్టుకుని బతికించాం. నెల తిరిగేలోపు వెనక మూత ఒకవైపు పూరీలా ఉబ్బింది. లోపల బ్యాటరీ ఉబ్బితే ఇక దాంతో ఆటలాడకూడదు, వెంటనే వాడకం ఆపేయాలి, ఛార్జింగ్ అసలు పెట్టకూడదు. యాపిల్ వాళ్లు తమ ఫోన్లనీ ట్యాబ్‌లనీ 35 డిగ్రీల లోపే వాడమంటారు, ఆపేసి ఉంచినా 45 దాటకూడదంటారు. వేసవిలో మన కారు అద్దం వెనక 45 ఎంతసేపట్లో వస్తుందో చెప్పక్కర్లేదు. కారు తయారీవాళ్లు డ్యాష్‌బోర్డులో పెట్టే స్క్రీన్లు ఈ వేడిని లెక్కలో పెట్టుకునే చేస్తారు, అందుకే నా కారులోది ఐదేళ్ల ఎండలు తిన్నా చెక్కుచెదరలేదు. ఫోన్‌ని కళ్ల ముందు పెట్టుకోక తప్పని వాళ్లు, అద్దానికి కాకుండా ఏసీ గాలి వచ్చే చోట తగిలించే హోల్డర్ తీసుకోండి. ఫోన్‌కి చల్లగా ఉంటుంది, మన వేళ్లకి మాత్రం ఏసీ తగ్గుతుంది.

రబ్బరు కప్పు గురించి ఒక్క మాట. చలికాలం తెల్లవారుజామున అది వదిలేస్తుంది. మడపాం టోల్‌గేట్ దాటాక ఒకసారి మొత్తం స్టాండ్‌తో సహా ట్యాబ్ ఊడి గేర్ మీద పడితే, పక్కన నిద్రపోతున్న మా కుర్రాడు "యాక్సిడెంటా?" అని కేక పెట్టి తలుపు తీయబోయాడు. నవ్వుకున్నాం గానీ గేర్ బదులు స్టీరింగ్ మీద పడి ఉంటే నవ్వేవాళ్లం కాదు. ఎనిమిదంగుళాల ట్యాబ్ అద్దం మీద ఉంటే ఎడమ పక్క నుంచి సైకిలొచ్చినా కనపడదు, అది ఇంకో ప్రమాదం. డ్రైవింగ్‌లో చేతి ఫోన్లు, డివైసులు దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెడకుండా వాడొచ్చని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర నిబంధనల్లో ఉంది. దారి చూసుకోవడానికే కదా అని అద్దం సగం కప్పేస్తే ధ్యాస సంగతి తర్వాత, ముందు రోడ్డే కనపడదు.

ట్యాబ్‌లో నాకు నచ్చింది ఒక్కటే, పక్కనున్న మనిషి ఒళ్లో పెట్టుకుని చూస్తే దానంత హాయి ఇంకోటి లేదు. జిల్లా అంతా ఒక్క చూపులో కనపడుతుంది, వంశధార ఎటు, నాగావళి ఎటు, ఏ వంతెన మీంచి పోతే దగ్గర, అన్నీ. డ్రైవర్ ఒకడు, దారి చెప్పేవాడు ఒకడు ఉన్న బండికి ట్యాబ్ బాగుంటుంది. ఒంటరిగా నడిపేవాడికి వద్దు.

ఇక అసలు సంగతి. 2020లో కారు మార్చాను, నావిగేషన్ ఉన్న వేరియంటే కావాలని పట్టుబట్టి, రెండు నెలలు ఆగి మరీ తీసుకున్నాను. మొదటి వారం ఎంత మురిసిపోయానంటే, అరసవల్లి దర్శనానికి కూడా మ్యాప్ పెట్టుకుని వెళ్లాను. స్క్రీన్ ఉండాల్సిన చోట ఉంది. లైట్లు వేయగానే దానంతటదే మసక రంగులోకి మారుతుంది, మలుపు దగ్గర పాట తగ్గించి చెబుతుంది, వైర్లు లేవు, ఊడిపడేది లేదు. అన్నిటికంటే ఘాట్ రోడ్లో దాని గొప్పతనం తెలుస్తుంది. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే ఒక పక్క కొండ, ఉపగ్రహాలు సగం కనపడవు. ఫోన్లో చుక్క పై మలుపులోంచి కింది మలుపులోకి దూకేసి, మళ్లీ పైకొచ్చి, వెనక్కి తిరగమని అరుస్తుంది. కారు మ్యాప్ మాత్రం రోడ్డుని అతుక్కునే ఉంది. ఎందుకంటే అది ఉపగ్రహాలనొక్కటే నమ్ముకోదు, చక్రాలు ఎంత తిరిగాయో, బండి ఎటు ఒరిగిందో కారులోంచే తెలుసుకుంటుంది, కాసేపు సిగ్నల్ పోయినా అంచనాతో నడిపేస్తుంది. ఈ పద్ధతి జీపీఎస్ కంటే ముందు నుంచే ఉంది. 1981లో హోండా జపాన్‌లో తెచ్చిన కారు మ్యాప్‌కి ఉపగ్రహాల ఊసే లేదు, గైరోస్కోపుతో దిక్కు పట్టుకుని, లోపల పెట్టిన పారదర్శకమైన మ్యాప్ షీటు మీద మనమెక్కడున్నామో చూపించేది.

ఇంత బాగా చెప్పి ఇప్పుడు తిట్టడం మొదలుపెడితే మీకు విచిత్రంగా ఉంటుందేమో, కానీ కారు కొన్న కొత్తలోనే జరిగింది ఇది. నరసన్నపేట దాటాక నాలుగైదు కిలోమీటర్లలో ఒక ఊళ్లో పెళ్లి. తెల్లవారుజాము ముహూర్తం. ఆ ఊరి పేరు కారు మ్యాప్‌లో లేనే లేదు, ఎలా కొట్టినా రాదు. పెళ్లికూతురి అన్నయ్య వాట్సాప్‌లో లొకేషన్ పంపాడు, అది తెరిస్తే 18.45, 84.05 అని అంకెలు. కారులో అంకెలతో వెతికే చోటు ఉంది, కొత్త మోజు కదా, ఫోన్ పెట్టుకోకుండా అందులోనే కొట్టాను. డిగ్రీల గడిలో 18, పక్క గడిలో 45. కింద 84, పక్కన 05. దారి వచ్చేసింది, బయల్దేరాను. మా కుర్రాడు ట్రైపాడ్ బ్యాగు మీద తల పెట్టి నిద్ర. హైవే మీద నరసన్నపేట, ఎడమకి తిరగమంది, తిరిగాను. ఇంకా ముప్పై పైచిలుకు కిలోమీటర్లు చూపిస్తోంది. దగ్గరే అన్నారు కదా అనిపించింది గానీ, పెళ్లివారు ఎప్పుడూ దగ్గరే అంటారు. చీకట్లో పోతున్నాను, పోతూనే ఉన్నాను. సారవకోట దాటాక ఫోన్ మోగింది. "అన్నా, ఎక్కడున్నారు? గౌరీపూజ అయిపోయింది." ఎక్కడున్నానో చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "సారవకోట ఎందుకెల్లారన్నా? మా ఊరు పేట పక్కనే కదా!"

తప్పెక్కడంటే, పక్క గడి నిమిషాలది. డిగ్రీకి అరవై నిమిషాలు. 18.45 అంటే 18 డిగ్రీల 27 నిమిషాలు, 45 నిమిషాలు కాదు. నేను కొట్టింది ముప్పై మూడు కిలోమీటర్లు ఉత్తరానికి, తీసి చూస్తే సరిగ్గా పాతపట్నం. తొంభై మీద వెనక్కి తోలుకొచ్చాను, ఆ రోడ్డు మీద అది తప్పే. పందిట్లోకి పరిగెత్తేసరికి పురోహితుడు జీలకర్ర బెల్లం చేతుల్లో పెడుతున్నాడు. ఫ్లాష్ బిగించే టైము లేదు, మొదటి పది ఫొటోలు చీకట్లో చీకటి. ఆ ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం ఫొటో ఎందుకంత నల్లగా ఉందని వాళ్లు ఇప్పటికీ అడుగుతారు, మూడ్ లైటింగ్ అని చెబుతాను.

నా తప్పు నాదే, కానీ ఫోన్లో లొకేషన్ మీద ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పనికి అన్ని గడులు నింపించడం ఎవరి తప్పు? అసలు రోగం మాత్రం మ్యాప్ పాతబడడం. నా కారులో మ్యాప్ ఒక మెమరీ కార్డు మీద ఉంటుంది. మూడేళ్లు అప్‌డేట్లు ఉచితం అన్నారు. మొదటి ఏడాది సర్వీస్ సెంటర్‌లో అడిగితే కొత్త వెర్షన్ ఇంకా రాలేదన్నారు, రెండో ఏడాది వచ్చింది గానీ చేసే అబ్బాయి సెలవులో ఉన్నాడన్నారు, మూడో ఏడాది చేసిచ్చారు, అప్పటికి అదీ పాతదే. నరసన్నపేట, రణస్థలం మధ్య హైవే ఆరు వరసలు చేసిన ఏళ్లలో జంక్షన్లు మూసి, కొత్త అండర్‌పాస్‌లు తెరిచి, సర్వీస్ రోడ్లు వేశారు. కారు మ్యాప్‌కి ఇవేమీ తెలియవు, డివైడర్ ఉన్న చోట కుడికి తిరగమనేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. మా కారులో జిల్లా ఎంచుకుని ఊరు వెతకాలి, దాని లెక్కలో రాజాం నిన్న మొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లాయే. రాజాం పార్టీ ఒకాయన కారెక్కి అది చూసి, "పోన్లే, దీనికైనా మేం గుర్తున్నాం" అన్నాడు.

ఇప్పుడొచ్చే కార్లలో సిమ్ కారులోనే ఉంటుంది, ట్రాఫిక్ కూడా చూపిస్తుంది, మ్యాప్ దానంతటదే మారుతుంది, కదా అంటారు. నిజమే, 2019లో వెన్యూ, హెక్టర్ కార్లు వచ్చినప్పటి నుంచి మన దేశంలో అది మామూలైపోయింది. మా పిన్నిగారి అబ్బాయి కారులో వాడి చూశాను, మెమరీ కార్డు కంటే చాలా నయం. అయితే రెండు ప్రశ్నలు అడిగి కొనండి. ఉచిత కాలం అయిపోయాక ఏడాదికి ఎంత కట్టాలి? ఆ సిమ్ ఏ నెట్‌వర్క్‌ది? మన సీతంపేట, కొత్తూరు, భామిని వైపు ఒక మలుపులో ఒక నెట్‌వర్క్ ఉంటే ఇంకో మలుపులో ఇంకోటి. ఫోన్లో రెండు సిమ్‌లు పెట్టుకుని ఎలాగోలా నెట్టుకొస్తాం. కారు సిమ్‌ని మనం మార్చలేం.

నేనిప్పుడు రోజూ వాడేది నాలుగో పద్ధతి. ఫోన్‌ని ఆండ్రాయిడ్ ఆటోతో కారు స్క్రీన్‌కి కలపడం. ఐఫోన్ వాళ్లకి కార్‌ప్లే. మ్యాప్ ఫోన్‌ది కాబట్టి ఎప్పుడూ తాజా, స్క్రీన్ కారుది కాబట్టి ఎండకి చావదు, ఫోన్ చల్లగా గేర్ పక్కన అరలో ఉంటుంది. తెలుగులో చెబుతుంది, "రెండు వందల మీటర్లలో ఎడమవైపు తిరగండి" అని, ఆ గొంతుకి మా అమ్మ "అలాగేనమ్మా" అని జవాబు కూడా ఇస్తుంది. కానీ దీనికీ లోపాలున్నాయి. ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ పోయాక జంక్షన్‌లో వంద రూపాయలది కొన్నాను, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ తెగిపోయి రేడియో వచ్చేది. సరిగ్గా మలుపు ముందు స్పీడ్ బ్రేకర్ ఉంటుంది మన ఊళ్లలో, గమనించారా? మంచి కేబుల్ పొట్టిది కొంటే సగం సమస్యలు పోయాయి. వైర్‌లెస్‌గా కూడా వస్తుంది గానీ ఫోన్ వేడెక్కుతుంది, దూరాలకి నాకు వైరే నచ్చింది.

ఇంకో తప్పు చేశాను, మీరు చేయకండి. ఉదయం స్కూటీ మీద వెళ్తూ మ్యాప్‌లో టూ వీలర్ గుర్తు నొక్కాను, 2017 చివర్లో మన దేశంలోనే మొదట తెచ్చిన సౌకర్యం అది. సాయంత్రం కారులో దాన్ని మార్చడం మరిచిపోయాను. చీపురుపల్లి దాటాక ఒక అడ్డదారి చూపించింది, బాగుందని తిరిగాను. రోడ్డు సన్నబడి సన్నబడి చెరువు గట్టయింది. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క వరి, మధ్యలో నా కారు. గేదెలు తోలుకొస్తున్న ముసలాయన ఆగి చూసి, "ఏటి బాబూ, కారేసుకుని ఇటేపొచ్చేసినావు? ఇది గట్టు గానీ రోడ్డు కాదు" అన్నాడు. అర కిలోమీటరు రివర్స్‌లో వచ్చాను, ఆయన ముందు నడుస్తూ చెయ్యి ఊపుతుంటే, వెనక గేదెలు ఓపిగ్గా వస్తుంటే. అంత మంచి నావిగేషన్ నాకు మళ్లీ దొరకలేదు.

లైవ్ ట్రాఫిక్ మన దగ్గర దేనికంటే, మధురవాడ నుంచి విశాఖ లోపలికి పోయేటప్పుడు బాగా పనికొస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. రథసప్తమి నాడు అరసవల్లి వైపు, దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం నాడు విజయనగరం గంటస్తంభం వైపు, పోలీసులు ఏ రోడ్డుకి తాళ్లు కట్టారో ఏ మ్యాప్‌కీ ముందు తెలియదు. ఎర్రగీత చూపిస్తుంది, అంతే. రైలు గేటు పడినా అంతే.

నెట్ లేని చోట్లకి నా ఏర్పాటు ఇది: ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా, పైన కోరాపుట్ దాకా గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దింపి ఉంచాను. ఇంకా పాత ఫోన్ ఒకటి డ్యాష్ బాక్సులో ఉంటుంది, సిమ్ లేకుండా, అందులో ఆర్గానిక్ మ్యాప్స్ వేశాను. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది, ఎవరైనా రోడ్లు గీయగలిగే మ్యాప్ అది. మా అత్తవారి ఊరి లోపలి వీధులు, తోటల దారి, గెడ్డ మీద కల్వర్టు, అన్నీ ఒక మూఢంలో నేనే గీశాను. ఊళ్లోకి వచ్చిన ఫినాయిల్ వ్యాను వాడు ఆ దారినే నేరుగా వచ్చాడని మా మావయ్య చెప్పినప్పుడు కలిగిన ఆనందం ఏ ఆల్బమ్‌కీ రాలేదు.

మా బావమరిదికి చివరికి ఏం చెప్పానంటే, ఫోన్ కలిపే పెద్ద స్క్రీన్ ఉన్న వేరియంట్ చాలు, కంపెనీ మ్యాప్ కోసం పైసా ఎక్కువ పెట్టకు, మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, ముందూ వెనకా కెమెరా వేయించుకో. రోజూ ఘాట్లెక్కే పనైతే మాత్రం కారు మ్యాప్‌కి నేను ఓటేస్తాను, కానీ వాడు వెళ్లేది ఆమదాలవలస నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీకి, రోజూ అదే రోడ్డు, కళ్లు మూసుకున్నా వెళ్లిపోతాడు. అంతా శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు కూడా.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. టాప్ వేరియంటే బుక్ చేశాడట. "నావిగేషన్ కోసం కాదు బావా, పిల్లలకి సన్‌రూఫ్ కావాలట."